సున్నా వరుస

నా చేతిలోని డబ్బాని మొదటిసారి చూసినప్పుడు ముగ్గురు మూడు పేర్లు పెట్టారు. మా ఆయన రేడియో అన్నారు. పక్కింటావిడ బీపీ చూసే మిషను అనుకుని, అడక్కుండానే చెయ్యి చాపి కూర్చుంది. మా అమ్మ మాత్రం కళ్లజోడు పైకి తోసుకుని చూసి, "జామెట్రీ బాక్సు కదే ఇది!" అంది. ఆ ముగ్గురిలో నిజం పలికింది అమ్మే. అది జామెట్రీ బాక్సే.

కంపాసూ కోణమానినీ తీసేసి, వాటి చోట అగ్గిపెట్టెంత బోర్డూ, చిన్న బ్యాటరీ పెట్టాను. మూతకి రెండు వేళ్ల వెడల్పు తెర బిగించాను. కింద గోరంత మీటలతో కీబోర్డు. ఆన్ చేస్తే, నేను పద్నాలుగేళ్లప్పుడు చూసి, మీట నొక్కలేకపోయిన ఒక కంప్యూటరు అందులో నిద్రలేస్తుంది. ఇలాంటిదాన్ని ఎమ్యులేటర్ అంటారు. మా వైపు నాటకాల్లో పగలు బియ్యం కొట్లో పద్దులు రాసే గుమాస్తా స్టేజి ఎక్కితే రాజయిపోతాడు చూడండి, అలాంటి సంగతే. కిరీటం అట్టది, గొంతు మాత్రం రాజుది. ఈ బోర్డు కూడా నలభై ఏళ్ల కిందటి మిషను వేషం కట్టింది. లోపల నడిచే ప్రోగ్రాముకి తానున్నది అసలు మిషనులో కాదని అనుమానం రాకూడదు. వచ్చిందా, రంగు వెలిసినట్టే.

ఎందుకు కట్టావని ఎవరైనా అడిగితే కాలక్షేపానికి అంటాను. అది అబద్ధం. ఒక ఎర్ర సిరా గీత మీద పంతంతో కట్టాను.

మాది నరసాపురం. మా మిషన్ స్కూలుకి మిషను వచ్చిన ఏడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. గోధుమరంగు డబ్బా, దాని మీద టీవీ, పక్కన క్యాసెట్ ప్లేయరు. అప్పటిదాకా మ్యాపులూ గ్లోబులూ ఉన్న గదిని కడిగి, కిటికీలకి పరదాలు కట్టి, గుమ్మం బయట చెప్పులు విప్పించారు. గుళ్లోకి కూడా చెప్పులతో వెళ్లే లూథరన్ పిల్లలం, కంప్యూటరు దగ్గరికి మాత్రం ఉత్త కాళ్లతో వెళ్లాం. లెక్కల సారుని పదిరోజులు ట్రైనింగుకి పంపారు. ఆయన వెళ్లేటప్పుడు లెక్కల సారు, వచ్చేటప్పుడు కంప్యూటరు సారు.

మిషను ఒక్కటి, మేం నలభై ముగ్గురం. అందుకని సారు ఒక ఉపాయం చేశారు. చొక్కాలు వచ్చే అట్టపెట్టెలు తెప్పించి, వాటి మీద స్కేలు పెట్టి గళ్లు గీసి, అక్షరాలు రాసి, మాకు తలా ఒక కీబోర్డు తయారుచేసి ఇచ్చారు. దాని మీదే టైపు నేర్చుకోవాలి. అట్ట చప్పుడు చెయ్యదు కాబట్టి మీట నొక్కినప్పుడల్లా నోటితో "టక్" అనాలి. అనకపోతే నొక్కినట్టు లెక్క కాదు. నలభై ముగ్గురం ఒక్కసారి టక్కు టక్కుమంటుంటే పక్క క్లాసు తెలుగు మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇదేంటండీ, కప్పల కచేరీయా?" అని అడిగి వెళ్లిపోయేవారు.

అసలు మిషను వంతు శనివారాలే. వారమంతా నోటుపుస్తకంలో ప్రోగ్రాము రాసి సారుకి చూపించాలి. టిక్కు పడితే శనివారం దాన్ని మిషను మీద కొట్టుకోవచ్చు. ఇంటూ పడితే అట్టే గతి.

మా అమ్మ లేసు అల్లేది. ఆ రోజుల్లో మా పేటలో ప్రతి గుమ్మంలోనూ ఒక కొక్కెం సూది ఆడుతూనే ఉండేది. నేను పుట్టి బుద్ధెరిగి లెక్కలు నేర్చుకున్నది పలక మీద కాదు, ఆ లేసు మీద. గుండ్రటి లేసుకి ముందు మధ్యలో ఒక ముడి వేస్తారు. దాని చుట్టూ మొదటి వరుస ఆరు కుట్లు, రెండో వరుస పన్నెండు, మూడోది పద్దెనిమిది. వరుసకి ఆరు చొప్పున పెరగాలి. తగ్గితే లేసు గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే గౌను కుచ్చులా లేస్తుంది. అమ్మ మధ్య ముడిని వరుసల్లో కలపదు, అలాగని వదిలెయ్యదు. "ముడి సున్నా" అని పైకి చెప్పి మరీ మొదలుపెడుతుంది. ఆ సున్నా అనకపోతే వరుసలు తప్పిపోతాయట.

నేను రాసిన మొదటి ప్రోగ్రాము అదే. ఏ వరుసకి ఎన్ని కుట్లో అచ్చువేసి చూపించేది. నలభయ్యో నంబరు లైనులో, వరుసలు సున్నా నుంచి పన్నెండు దాకా లెక్కపెట్టమని రాశాను. సారు ఆ లైను కింద ఎర్ర సిరాతో గీత గీశారు. పక్కన, "లెక్క ఒకటి నుంచి మొదలవును. సున్నా వరుస లేదు" అని రాసి, అడ్డంగా ఇంటూ పెట్టి, పదికి సున్నా వేశారు. సున్నా లేదంటూనే సున్నా వేశారేంటని అడగాలనిపించింది. అడగలేదు. సార్లని అడగడం అప్పటి సిలబస్‌లో లేదు.

అడగలేదు కానీ వినలేదు కూడా. మరుసటి వారం అదే ప్రోగ్రాము తిరగరాసి ఇచ్చాను. మళ్లీ ఇంటూ. మూడోవారం, నాలుగోవారం కూడా అంతే. ఒక్క అంకె మారిస్తే చాలు, మిషను వంతు వచ్చేది. నా పక్కన కూర్చునే పిల్ల చెవి కొరికి చంపేసింది, "ఒకటి అని పెట్టెయ్యవే, ఏం పోయింది?" అని. ఏం పోతుందో చెప్పడం నాకు చేతకాలేదు. మా అమ్మ మాట పోతుందనిపించింది. ఆమె పొద్దున లేస్తే చెప్పే లెక్క తప్పని నా చేత్తో నేను ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. మార్చలేదు. ఇంకో ప్రోగ్రామూ రాసివ్వలేదు. రెండేళ్లలో ఒక్క శనివారం కూడా నా వంతు రాలేదు. ఆ మిషనుని నేను గుమ్మంలోంచి చూశాను, తుడిచాను కూడా, మెత్తటి గుడ్డతో, కరెంటు లేనప్పుడు. మీట మాత్రం నొక్కలేదు.

తర్వాత నేనే కంప్యూటరు టీచర్నయ్యాను. ఇరవయ్యేళ్ల పైన ప్రైవేటు స్కూళ్లలో చెబుతున్నాను. మొదటి రోజు ప్రతి క్లాసుకీ చెప్పే మాట ఒకటే: ఇక్కడ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. చెప్పినప్పుడల్లా ఆ ఎర్ర గీత కళ్లముందు మెదిలేది. నాలుగు ఇంటూల నోటుపుస్తకం ట్రంకుపెట్టె అడుగున, పెళ్లి బైబిలు కింద ఉండేది. అలాంటి కంప్యూటర్లలో సున్నా నుంచి మొదలుపెట్టవచ్చని పుస్తకాల్లో ఉంది, నాకు తెలుసు. నాకు కావలసింది అది కాదు. నా ప్రోగ్రాము, నేను రాసింది రాసినట్టు, ఆ మిషనే నడిపి చూపించాలి. అసలు మిషను ఎటుపోయిందో స్కూల్లో ఎవరికీ తెలీదు. సరే, లేకపోతే కట్టుకుందామనుకున్నాను.

కట్టడానికి ఏడాది పట్టింది. స్కూలు నుంచి నాలుగున్నరకి వచ్చి, భోజనాల బల్ల సగం ఆక్రమించేదాన్ని. మిగతా సగంలో పోస్టాఫీసు నుంచి రిటైరైన మా ఆయన పేపరు పరుచుకునేవారు. మా ఇద్దరి మధ్య టంకం పొగ సరిహద్దు.

"కంప్యూటర్లు చెప్పే మనిషివి, ఇంట్లో కంప్యూటరుంది, చేతిలో ఫోనుంది. మళ్లీ ఈ చెత్తేంటి?" అని అడిగారు ఒకరోజు.

"అవేవీ నేను కట్టినవి కాదండీ."

"చీర కూడా నువ్వు నెయ్యలేదు. కట్టుకోవట్లేదా?"

ఆయనకి ఎప్పుడో కానీ ఇలాంటివి తగలవు కాబట్టి ఆ పాయింటు ఆయనకే వదిలేశాను.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు టప్‌మని పొగ వచ్చింది. రేకు బాక్సు అంటేనే కరెంటుకి దగ్గరి దారి. ఇరవయ్యేళ్లుగా పిల్లలకి ఇనుము విద్యుద్వాహకం అని చెబుతూ వచ్చినదాన్ని, ఇనప డబ్బాలో బోర్డు పెట్టాను. మా ఆయన పేపరు దించి చూసి, తలమీద చెయ్యి పెట్టుకుని, "ప్రభువునందు నిద్రించిందా?" అని పరామర్శించారు. కొత్త బోర్డు కొన్నాను. ఈసారి డబ్బా లోపలంతా అట్ట పరిచాను. అట్ట కత్తిరిస్తుంటే, నాకు తెలియకుండానే నోట్లోంచి "టక్" అని వచ్చింది.

నడిచింది. ఆ పాత మిషను అభిమానులు ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్నారు. దాని లోపలి మూల ప్రోగ్రాముని భద్రంగా దాచి ఉంచారు. దాన్ని ఎక్కించి, పాత ప్రాసెసరు అర్థం చేసుకునే నూటయాభై పైచిలుకు ఆదేశాలనీ ఒక్కొక్కటే నా బోర్డుకి నేర్పించాను. నల్ల తెర మీద తెల్ల గుర్తు మిణుకుమన్న రోజున నోటుపుస్తకం తెరిచి నా ప్రోగ్రాము కొట్టాను. తెర మీద తప్పు ఉందని వచ్చింది.

నలభయ్యో లైనే అనుకుని చూశాను. కానీ తప్పు నలభయ్యో లైనులో కాదు, ఇరవయ్యో లైనులో. శీర్షిక చివర కొటేషన్ గుర్తు మూయడం మర్చిపోయాను. నాలుగు వారాలు నాలుగుసార్లు తిరగరాసి, నాలుగుసార్లూ మర్చిపోయాను. సారు నాలుగుసార్లు దిద్ది, ఒక్కసారీ చూడలేదు! గుర్తు మూసి మళ్లీ నడిపాను. సున్నా పక్కన సున్నా, ఒకటి పక్కన ఆరు, రెండు పక్కన పన్నెండు... పన్నెండో వరుస డెబ్భై రెండు దాకా గలగలా దిగింది. అమ్మకి చూపించాను. ఆవిడ పెదవులు కదుపుతూ అన్ని వరుసలూ సరిచూసి, "ముడితో మొదలెట్టింది. బుద్ధిమంతురాలే" అంది. నన్ను కాదు, మిషనుని.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి మొగల్తూరు వెళ్లాను. సారు అక్కడే ఉంటున్నారు. ఎనభై దాటాయి. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, పేపర్లో అచ్చుతప్పులకి పెన్నుతో సున్నాలు చుడుతున్నారు. ఎర్ర పెన్నే.

"నమస్కారమండి సార్. గుర్తుపట్టారాండి?"

కళ్లు చికిలించి చూశారు. "లేసు పిల్లవి కదూ? ఒకే ప్రోగ్రాము నాలుగుసార్లు రాసిన మొండిఘటానివి. ఏమ్మా, ఒకటికొచ్చావా, ఇంకా సున్నా దగ్గరే ఉన్నావా?"

"ఇంకా సున్నా దగ్గరేనండి. అదేదో తేల్చుకుందామనే వచ్చేనండి."

సంచిలోంచి నోటుపుస్తకం, డబ్బా తీసి ఆయన ముందు పెట్టాను. ఇరవయ్యో లైనులో తప్పు నాదని ముందే ఒప్పుకున్నాను. నలభయ్యో లైను కింద గీత గీసిన తప్పు మాత్రం మీదేనని కూడా చెప్పాను. ప్రోగ్రాము నడిపి చూపించాను. ఆయన తెర మీదికి వంగి ఆఖరి వరుస దాకా చూసి, వెనక్కి వాలారు.

"ఈ మిషను చేసిందెవరమ్మా?"

"నేనేనండి."

"ప్రోగ్రాము రాసిందో?"

"అదీ నేనేనండి."

"వాదివి నువ్వే, సాక్షివి నువ్వే, జడ్జివీ నువ్వే. మరి నేనెందుకమ్మా, కోర్టు బంట్రోతుగానా? నువ్వు చేసిన మిషను నువ్వు చెప్పిందే చెబుతుంది. అందులో వింతేముంది?"

ఏడాది పాటు నాకు తట్టని ప్రశ్న ఆయనకి తడుముకోకుండా తట్టింది.

"నీ పుస్తకంలో మొదటి పేజీ తియ్యి. ఇన్‌స్పెక్షనుకి వచ్చినాయన ముందు నేను నడిపిన ప్రోగ్రాముంటుంది, మీ అందరిచేతా రాయించాను. అసలు మిషను మీద నడిచింది, ఊళ్లో పెద్దలంతా చూశారు. అది కొట్టు. నీ మిషను నిజమైందైతే అదీ నడవాలి."

ఆ పేజీ నేను ఎప్పుడూ కొట్టి చూడలేదు. చూడకపోవడం పొరపాటు కాదు, పొగరు. అది పది నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టి, చివర్లో అతిథికి స్వాగతం అని వెలిగే ప్రోగ్రాము. ఆయన చూస్తుండగా కొట్టాను. తెర మీద పది అని వచ్చింది. వెంటనే స్వాగతం అని వచ్చింది. తొమ్మిదీ లేదు, ఎనిమిదీ లేదు.

"అదేంటమ్మా, ఆయన పది అనేసరికే దిగిపోయాడేంటి? కారులో వచ్చాడా?" అని సారు కుర్చీ ఊగేలా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. డబ్బా మూసి సంచిలో పెట్టుకున్నాను.

"మళ్లీ వస్తానండి."

"ఆయ్, రా అమ్మా. పుస్తకం కూడా తెచ్చుకో" అన్నారు, పేపరు అందుకుంటూ.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆయనకి నా బాధే అర్థం కాలేదు. "నీది నడిచింది. ఆయనది నడవలేదు. పంతం నెగ్గడమంటే ఇంతకంటే ఏం కావాలి? వదిలెయ్!"

వదిలెయ్యడం తేలికే. ఎవరికీ తెలీదు కూడా. కానీ ఆయన ప్రోగ్రాము విషయంలో అబద్ధం చెప్పిన మిషను, నా ప్రోగ్రాము విషయంలో నిజం చెప్పిందని ఏ ముఖంతో నమ్మను? తప్పు సరిచేస్తే నా ప్రోగ్రాము ఆగిపోవచ్చు. ఆ తప్పు పుణ్యమా అనే నాది నడిచిందేమో! ఒకవేళ అదే అయితే నలభై ఏళ్ల మొండితనమంతా ఒట్టి మొండితనమే.

అమ్మ మా మాటలు వింటూ అల్లుతూనే ఉంది. తలెత్తకుండా అంది, "తప్పు కుట్టు మీద ఎన్ని వరుసలేసినా తప్పేనే. విప్పు."

"ఎక్కడిదాకా విప్పనే? నూటయాభై ఉన్నాయి."

"తప్పు కనబడేదాకా. ముందునుంచి వెతక్కు, ఆఖరి కుట్టు నుంచి వెనక్కి రా. దారం లాగుతుంటే అదే చెబుతుంది."

ఎమ్యులేటర్లు కట్టేవాళ్లు తప్పులు వెతకడానికి రకరకాల పద్ధతులు చెబుతారు. నేను అమ్మ పద్ధతిలో వెతికాను. స్వాగతం అన్న మాట దగ్గర మొదలుపెట్టి, దానికి ముందు ప్రాసెసరు ఏ ఆదేశం పాటించింది, అంతకుముందు ఏది పాటించింది అని ఒక్కొక్క కుట్టే విప్పుకుంటూ వెనక్కి నడిచాను. స్కూల్లో మధ్యాహ్నం అన్నం బాక్సు ఒకపక్క, కాయితాలు ఒకపక్క పెట్టుకుని పది రోజులు విప్పాను. దొరికింది. అంకెల్ని పోల్చి చూసే చోట, సున్నా కంటే తక్కువైన అంకెని నా బోర్డు పోల్చుకోలేకపోతోంది. వెనక్కి లెక్కపెట్టడమంటే మిషనుకి అడుగడుగునా మైనస్ ఒకటి కలపడమే, ఆ మైనస్ ఒకటిని నా బోర్డు ప్లస్ అనుకుంటోంది. పది నుంచి ముందుకి నడిస్తే ఒకటి రాదు కదా, అందుకని పది అనేసి చాపచుట్టేస్తోంది. సున్నా కోసం నలభై ఏళ్లు పోట్లాడినదాన్ని, సున్నాకి కింద ఏముందో చూసుకోలేదు.

దిద్దాల్సింది ఒకే ఒక్క లైను. దిద్దాను. ముందు సారుది కొట్టాను. పది, తొమ్మిది, ఎనిమిది... ఒకటి, స్వాగతం. అతిథి ఈసారి మెట్లన్నీ దిగి వచ్చాడు. తర్వాత నాది కొట్టాను. నడపమనే మీట మీద వేలు పెట్టాను. మా ఆయన పేపరు దించారు. అమ్మ సూది ఆగింది. నొక్కాను.

సున్నా పక్కన సున్నా. ఒకటి పక్కన ఆరు.

ఈసారి కావాలనే శనివారం వెళ్లాను, స్కూలుకి సెలవు పెట్టి. సారు అదే కుర్చీలో ఉన్నారు. ముందు ఆయన ప్రోగ్రాము నడిపాను. ఒకటి దాకా దిగి, స్వాగతం అని వెలిగింది. ఆయన నవ్వలేదు. "నడిచేటట్టు చేశావన్నమాట" అన్నారు.

"నడిచేటట్టు చెయ్యలేదండి. నా మిషనులో తప్పుంది, దిద్దేను. ఇప్పుడు నాది చూడండి." నాది నడిపాను.

"ఇలా తే." డబ్బా లాక్కున్నారు. ఆ గోరంత మీటల మీద ఆయన వేళ్లు నాలుగైదుసార్లు తప్పాయి. నలభయ్యో లైనులో సున్నా తీసి ఒకటి పెట్టి నడిపారు. ఒకటి నుంచి పన్నెండు దాకా వచ్చింది. మళ్లీ సున్నా పెట్టి నడిపారు. మళ్లీ ఒకటి. ఆయన నోరు మెల్లగా కదలడం చూశాను. మీట నొక్కినప్పుడల్లా "టక్" అంటున్నారు. ఆయన కూడా ట్రైనింగులో అట్ట మీదే నేర్చుకున్నారా? అడగలేదు.

"రెండూ నడుస్తాయి" అన్నారు చివరికి.

"మరి తప్పని ఎందుకు పెట్టేరండి?"

"పదిరోజుల ట్రైనింగులో ఒకటి నుంచే చెప్పారమ్మా. సున్నా నుంచి పెడితే ఏమవుద్దో నాకు తెలీదు. అంతమందిలో మిషను మొరాయిస్తే నా పరువేంగాను?"

"అంటే చూడకుండానే వేశారా సార్, నాలుగు ఇంటూలు?"

"ఒకసారి వేశాక మిగతా మూడూ వెయ్యాలి కదమ్మా" అన్నారు, అదేదో సూత్రం చెప్పినట్టు.

నేను పుస్తకం ఆయన ముందుకి జరిపాను. "దిద్దండి సార్."

ఆయన తల అడ్డంగా ఊపారు. "దిద్దిన పుస్తకం నేను మళ్లీ దిద్దను. సర్వీసులో ఎప్పుడూ చెయ్యలేదు."

ఆ మాటకి నేను తగ్గి ఉంటే ఈ కథ రాసేదాన్ని కాదు. కుర్చీ పక్కనున్న ఎర్ర పెన్ను తీసుకున్నాను. నాలుగు పేజీల్లోనూ నలభయ్యో లైను పక్కన టిక్కు పెట్టాను. నాలుగు పేజీల్లోనూ ఇరవయ్యో లైను కింద గీత గీశాను, నా తప్పు నేను వదిలెయ్యను కదా. పదికి సున్నా ఉన్నచోట కొట్టేసి తొమ్మిది వేశాను. కొటేషన్ గుర్తుకి ఒక మార్కు పోతుంది. ఆయన నన్ను ఆపలేదు. పెన్ను మూత పెడుతుంటే మాత్రం గట్టిగా అన్నారు:

"సంతకమేదమ్మా? దిద్దినవాళ్లు సంతకం పెట్టాలి. తేదీ కూడా వెయ్యి."

ఆయన సంతకాల కింద నాలుగుచోట్లా నా సంతకం పెట్టాను. తలెత్తేసరికి సారు మళ్లీ డబ్బా మీదికి వంగిపోయి ఉన్నారు. వరుసలు పన్నెండు నుంచి ఇరవైకి పెంచినట్టున్నారు. టక్, టక్ అంటూ కొడుతున్నారు. ఇచ్చే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

నేను చెయ్యి చాపాను.

"ఇవాళ శనివారమండి సార్. టిక్కు పడింది. వంతు నాది."